డాట్ లోకల్ పెట్టి ఇరుక్కున్నా. ఇంటి నెట్‌వర్క్‌కి ఏ పేరు పెట్టాలి?

కేబుల్‌చిక్కు:
ఇంట్లో ఒక నాస్ (ఫైళ్లు దాచే నెట్‌వర్క్ డబ్బా), ప్రింటర్, రెండు కెమెరాలు. రౌటర్ డీఎన్ఎస్‌లో (పేరుకి ఐపీ చిరునామా చెప్పేది) అన్నింటి చివరా డాట్ లోకల్ తగిలించాను. లినక్స్ మెషీన్‌లో డిగ్ (డీఎన్ఎస్‌ని అడిగే కమాండ్) కొడితే నాస్‌కి సరైన ఐపీయే చూపిస్తోంది. అదే పేరుకి పింగ్ కొడితే అలాంటి పేరే లేదంటోంది! రెండు రోజులుగా ఇదే టెన్షన్. డాట్ లాన్‌కి మారనా, డాట్ హోమ్‌కా?

పాత అడ్మిన్:
రౌటర్‌ని తిట్టకండి, తప్పు పేరుది. 2013లోనే ఆర్‌ఎఫ్‌సీ 6762 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం డాట్ లోకల్‌ని మల్టీకాస్ట్ డీఎన్ఎస్‌కి (ఎండీఎన్ఎస్: సర్వర్ లేకుండా పరికరాలే ఒకదాన్నొకటి పేరుతో పిలుచుకునే పద్ధతి) రాసిచ్చేసింది. ఆ తోక కనబడితే మీ లినక్స్, డీఎన్ఎస్ సర్వర్ మొహమే చూడదు. 224.0.0.251కి, 5353 పోర్టులో, “ఇక్కడ నాస్ ఎవరు?” అని కేకేస్తుంది. మీ నాస్ పలకలేదు, కథ అక్కడితో అయిపోయింది. డిగ్ నేరుగా సర్వర్‌నే అడుగుతుంది కాబట్టి దానికి జవాబు దొరికింది. పేర్లని ఏ క్రమంలో ఎక్కడ వెతకాలో చెప్పే ఎన్ఎస్‌స్విచ్ ఫైల్లో హోస్ట్స్ వరుస తీసి చూడండి, డీఎన్ఎస్ కంటే ముందు ఎండీఎన్ఎస్ కూర్చుని ఉంటుంది.

డాట్ లాన్ చాలామంది వాడతారు. కానీ దాన్ని ఎప్పటికీ ఎవరికీ ఇవ్వబోమని ఎవరూ రాసివ్వలేదు. ఖాళీగా ఉంది కదా అని నేనూ ఒకప్పుడు టెస్ట్ సైట్లన్నీ డాట్ డెవ్ మీద పెట్టుకున్నాను. తీరా అది వేరేవాళ్ల సొత్తు. 2017 చివర్లో ఒక బ్రౌజర్ అప్‌డేట్ వచ్చింది. సాయంత్రం నడిచిన సైట్లన్నీ పొద్దున్నే హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లి సర్టిఫికెట్ ఎర్రర్ చూపించాయి. పాపం, ఏ పాపమూ ఎరగని నా ఫైర్‌వాల్‌ని సగం రోజు విప్పి బిగించాను.

ఇంటికైతే హోమ్ డాట్ ఆర్పా పెట్టుకోండి. 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8375 దాన్ని అచ్చంగా ఇంటి నెట్‌వర్క్‌లకే కేటాయించింది. టైప్ చేయడానికి చిరాకంటే డాట్ ఇంటర్నల్ ఉంది. ప్రైవేట్ వాడకం కోసం, ఇంటర్నెట్ పేర్లని చూసుకునే సంస్థ ఐకాన్ 2024 జులైలో దాన్ని పక్కన పెట్టింది.

నైట్‌షిఫ్ట్:
సర్టిఫికెట్ సంగతి మర్చిపోయారు. ఆ రెండింటికీ బ్రౌజర్లు నమ్మే పబ్లిక్ సర్టిఫికెట్ రాదు. సొంత సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే వ్యవస్థ) పెట్టుకుని ప్రతి ఫోన్‌లోనూ ఎక్కించాలి. ఇప్పటికే కొన్న డొమైన్ ఉంటే దాని కింద ఒక సబ్‌డొమైన్ తీసుకోండి. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ డీఎన్ఎస్ ఛాలెంజ్‌తో (డొమైన్ మీదేనని డీఎన్ఎస్‌లో ఒక రికార్డు పెట్టి చూపడం) ఇస్తుంది, ఒక్క పోర్టు కూడా తెరవక్కర్లేదు. వైల్డ్‌కార్డే (దాని కింది పేర్లన్నిటికీ ఒకటే సర్టిఫికెట్) తీసుకోండి. లేకపోతే మీ కెమెరా పేర్లు కూడా జారీ అయిన సర్టిఫికెట్ల పబ్లిక్ లాగుల్లోకి ఎక్కుతాయి.

కేబుల్‌చిక్కు:
హోస్ట్స్ వరుస అచ్చం అలాగే ఉంది! డొమైన్ కొంటే రెన్యూ చేయడం మర్చిపోయే రకం నేను, అందుకే హోమ్ డాట్ ఆర్పాకి మారాను. పింగ్ వెంటనే పలికింది. ప్రింటర్‌ని మాత్రం డాట్ లోకల్‌లోనే వదిలేశా, కేక వినబడగానే అది తన పేరు తనే చెప్పుకుంటోంది.