‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడమా, రద్దు చేయడమా?

ప్రశ్న:
పెద్దలకు నమస్కారం. పోయిన సోమవారం మా పైఅధికారి పంపిన మెయిల్‌లో సమావేశం ‘పుట్ ఆఫ్’ అయిందని ఉంటే, ‘ఆఫ్’ను చూసి రద్దయిందనుకుని, సిద్ధం చేసుకున్న కాగితాలన్నీ బీరువాలో పెట్టేశాను. గురువారం ఉదయం పిలుపు వచ్చేసరికి నా చేతిలో ఏమీ లేదు. లైటు ఆఫ్ చేయడమంటే ఆర్పడమే కదా, మరి ఇక్కడ అర్థం ఎందుకు మారింది?

సమాధానం 1:
రద్దు చేయడాన్ని ‘కాల్ ఆఫ్’ అంటారు. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం. 2020లో కరోనా కారణంగా టోక్యో ఒలింపిక్స్‌ను ‘పుట్ ఆఫ్’ చేశారు కాబట్టే అవి 2021 జూలై, ఆగస్టు నెలల్లో జరిగాయి. వింబుల్డన్‌ను మాత్రం ‘కాల్ ఆఫ్’ చేశారు కనుక ఆ ఏడాదికి విజేతలే లేరు. ‘ఆఫ్’ను విడదీసి అర్థం వెతకకండి. మన ‘నిలబడు’, ‘బయటపడు’, ‘కలబడు’ అనే మాటల్లోని ‘పడు’కు కిందపడటమని అర్థం చెప్పలేం కదా.

సమాధానం 2:
పై వివరణ సరైనదే కానీ, పనులనే కాక మనుషులను కూడా ‘పుట్ ఆఫ్’ చేస్తారని చేర్చాలి. బాకీ అడగడానికి వచ్చినవారిని ఏదో ఒక సాకుతో రేపు రమ్మని తిప్పి పంపడం అలాంటిదే. మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాయడం వెనుక ఉన్న ఉపాయం సరిగ్గా ఇదేనని నాకు అనిపిస్తుంది. ఇక, మాడిన కూర వాసనకు అన్నం మీద మనసు విరిగిపోతే, ఆ వాసన మనల్ని ‘పుట్ ఆఫ్’ చేసిందంటారు. ఇక్కడ వాయిదా ప్రసక్తే లేదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే ఆసుపత్రికి వెళ్లడం వాయిదా వేశానని చెప్పడానికి ‘ఐ పుట్ ఆఫ్ టు గో’ అనవచ్చా?

సమాధానం 1:
అనకూడదండీ. దీని తరువాత క్రియ వస్తే ‘ఇంగ్’ రూపంలోనే రావాలి కనుక ‘ఐ పుట్ ఆఫ్ గోయింగ్’ అనాలి. సమావేశం వంటి నామవాచకాన్ని ‘ఆఫ్’కు ముందైనా వెనుకైనా పెట్టవచ్చు, ‘ఇట్’ వంటి సర్వనామం మాత్రం తప్పనిసరిగా మధ్యలోనే, ‘పుట్ ఇట్ ఆఫ్’ అనే వరుసలోనే ఉండాలి.