జిర్కోనియం డైబొరైడ్: త్రాసు ఒకటి చెబుతోంది, కన్ను ఇంకొకటి

ప్రశ్న:
హాట్ ప్రెస్ చేసిన (వేడిలో ఒత్తి గట్టిపరిచిన) జిర్కోనియం డైబొరైడ్ అనే సిరామిక్ ముక్కల్ని మామూలు గాలిలో 1000, 1200, 1400 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంట చొప్పున ఉంచాను. 1200తో పోలిస్తే 1400 ముక్క బరువు కాస్తే ఎక్కువ పెరిగింది, తెల్ల పెచ్చు మాత్రం మూడింతలు మందంగా ఉంది. పైగా 1000 డిగ్రీల ముక్కని రాత్రంతా బల్ల మీదే వదిలేస్తే, పొద్దున్నకి నున్నటి పైపొర మీద తెల్లటి పొడి చుక్కలు లేచాయి, బరువూ పెరిగింది. త్రాసు పాడైందా? టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
త్రాసుకేం కాలేదండీ. ఈ పదార్థానికి బరువు లెక్క నమ్మకూడదు, అంతే. బొరైడ్ ఆక్సీకరణం చెందితే జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్), బోరాన్ ఆక్సైడ్ రెండూ పుడతాయి. రెండోది 450 డిగ్రీలకే కరిగి, జిర్కోనియా రేణువుల సందుల్ని గాజులా నింపి, ఆక్సిజన్‌ను అడ్డుకుంటుంది. 1100 దాటాక అదే ఆవిరైపోవడం మొదలుపెడుతుంది. 100 మిల్లీగ్రాముల బొరైడ్ పూర్తిగా మారిందనుకోండి. బోరాన్ ఆక్సైడ్ అంతా నిలిచి ఉంటే బరువు దాదాపు 71 మి.గ్రా. పెరుగుతుంది. అంతా ఎగిరిపోతే 9 మి.గ్రా. మాత్రమే. అంటే 1400 దగ్గర మీ ముక్క ఎంతో ఎక్కువ తినేయబడింది, బరువు దాన్ని దాచింది.

ఆ తెల్ల పొడి బోరిక్ యాసిడ్. గాజు గాలిలోని తేమ పీల్చుకుంది. కొలిమిలోంచి తీసి చల్లారగానే డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) పెట్టి, ఆలస్యం చేయకుండా తూచండి.

జవాబు 2:
పై మాటకి నాదొక జోడింపు. ముక్కని అడ్డంగా కోసి మైక్రోస్కోప్‌లో పొర మందం కొలవండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. కోసేటప్పుడు, పాలిష్ చేసేటప్పుడు నీళ్లు వాడొద్దు. నేను మొదట్లో నీళ్లతోనే పాలిష్ చేసి, గాజు పొరే లేదని రిపోర్టు రాసేశాను! అది కాస్తా నీళ్లలో కరిగి కాలవలో పోయింది. ఇప్పుడు నూనెతో చేస్తున్నాను.

ఇంకోటి, చల్లారాక కనిపించే పగుళ్లన్నీ వేడిలోనే పడ్డాయనుకోకండి. చల్లారేటప్పుడు జిర్కోనియా స్ఫటిక రూపం మారి నాలుగైదు శాతం ఉబ్బుతుంది, పెచ్చు అప్పుడే చిట్లుతుంది. హాఫ్నియాలో (హాఫ్నియం ఆక్సైడ్‌లో) ఈ మార్పు ఇంకా పై ఉష్ణోగ్రతలో, సుమారు 1700 దగ్గర జరుగుతుంది. హాఫ్నియం డైబొరైడ్‌కి మంచి పేరు రావడానికి ఇదొక కారణం. ధర సంగతి వేరనుకోండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ సార్. 20 శాతం సిలికాన్ కార్బైడ్ కలిపిన ముక్కలూ ఉన్నాయి. 1000 దగ్గర రెండింటికీ పెద్ద తేడా రాలేదు. కలిపింది వృథాయేనా?

జవాబు 1:
కాదండీ, మీరు తక్కువ వేడిలో చూశారు. ఆ వేడికి సిలికాన్ కార్బైడ్ పెద్దగా కదలదు, అక్కడ కాపలా కాసేది బోరాన్ ఆక్సైడే. 1200 పైన సిలికా తయారై దాంతో కలిసి బోరోసిలికేట్ గాజు అవుతుంది. బోరాన్ ఆక్సైడ్ ఎగిరిపోతున్న కొద్దీ సిలికా మిగిలి గాజు చిక్కబడుతుంది, 1600 ప్రాంతం వరకు బాగానే కాస్తుంది. 1500 దగ్గర రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

కోసి చూసేటప్పుడు పెచ్చు కింద సిలికాన్ కార్బైడ్ ఖాళీ అయిన గుల్ల పొర కనబడొచ్చు. అక్కడ ఆక్సిజన్ బాగా తక్కువ కాబట్టి అది గాజుగా మారకుండా సిలికాన్ మోనాక్సైడ్ వాయువుగా వెళ్లిపోతుంది. పైన నునుపుగా ఉంది కదా అని మురిసిపోకుండా ఆ గుల్ల పొర మందం కూడా విడిగా రాసుకోండి.

జవాబు 2:
ఈ ముక్కల్ని అల్యూమినా పడవలో (కొలిమిలో పెట్టే అల్యూమినియం ఆక్సైడ్ పాత్రలో) చదునుగా పడుకోబెట్టకండి. గాజు కారి అల్యూమినాతో కలిసి అతుక్కుంటుంది, విడదీయబోతే పొర ఊడొస్తుంది. జిర్కోనియా ఆధారాల సన్నటి అంచుల మీద నిలబెట్టండి, తాకే చోటు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది.