ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 2,100 అని వచ్చింది, నాన్న గుండెకి ఏటవుతుంది?

కవిటి కుర్రాడు:
నాన్నకి 61 ఏళ్లు. పోయిన నెల కొబ్బరికాయలు ఒలుస్తూనే దవడ లాగేస్తోందని కూలబడిపోయారు, బనీను మొత్తం చెమటతో తడిసిపోయింది. సోంపేటలో ఈసీజీ తీసి విశాఖ పంపేశారు. అక్కడ స్టెంటు వేశారు. ట్రోపోనిన్ బాగా పెరిగిందని డిశ్చార్జి కాగితంలో రాశారు. మొన్న మళ్లీ రక్తం ఇస్తే ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 2,100, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.8. పక్కింటి బావ ఫోన్లో వెతికి "గుండె ఫెయిలవుతోంది" అనేశాడు. అప్పట్నుంచి అమ్మకి అన్నం సయించట్లేదు. ఈ అంకె చూసి ముందు ముందు ఏమవుతుందో చెప్పెయ్యొచ్చా? మాది ఉద్దానం, ఇక్కడ ఎంతోమందికి కిడ్నీ జబ్బులున్న సంగతి మీకు తెలిసిందే.

టెక్కలి ల్యాబ్ అక్క:
తమ్ముడూ, ముందు అమ్మ చేత అన్నం తినిపించు. నేను రోజూ ఈ పరీక్షలే చేస్తాను, తెలిసింది చెప్తాను.

గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రొటీన్ ట్రోపోనిన్. కొన్ని గంటల్లోనే పెరిగి, వారం పది రోజుల దాకా కనిపిస్తుంది. ఎంత కండరం పోయిందో దాన్నిబట్టి ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అది జరిగిపోయిన నష్టం.

ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అలా కాదు. గుండె గోడల మీద ఒత్తిడి పడి అవి సాగినప్పుడు ఇది పెరుగుతుంది. గుండెపోటు తర్వాత ఇది ఎక్కువగా ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువన్న మాట నిజమే, నీ దగ్గర దాచను. కానీ దీన్ని ఒంట్లోంచి బయటికి పంపడంలో కిడ్నీలది పెద్ద వాటా. క్రియాటినిన్ 1.8 ఉన్న మనిషికి గుండె మీద అంత భారం లేకపోయినా ఈ అంకె పెరగొచ్చు. వయసుతోనూ పెరుగుతుంది, గుండె లయ తప్పినా పెరుగుతుంది. లావుగా ఉన్నవాళ్లలో తక్కువ చూపిస్తుంది. రిపోర్టులో ఆ "ఎక్కువ" అన్న గుర్తు పెట్టే మిషనుకి మీది ఉద్దానమని తెలీదు కదా!

గుండెపోటుకి ముందు క్రియాటినిన్ ఎంతుండేది? కిడ్నీ క్యాంపుల్లో చేసిన పాత చీటీ ఉంటే వెతుకు. ఇంకోటి, మళ్లీ చేయిస్తే అదే ల్యాబ్‌లో అదే పరీక్ష చేయించు. ఉత్త బీఎన్‌పీ వేరే పరీక్ష, ఆ అంకెని దీనితో పోల్చకూడదు.

విజయనగరం సిస్టర్:
గుండె వార్డులో చేస్తున్నాను బాబూ. ముప్పు లెక్కగట్టడానికి డాక్టర్లు వాడే గ్రేస్ స్కోర్‌లో వయసు, నాడి, బీపీ, క్రియాటినిన్, ఈసీజీ, ట్రోపోనిన్ లాంటివి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందా లేదా అన్నదీ చూస్తారు. అందులో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ లేనే లేదు. ఎకోలో, అంటే గుండె స్కానులో, ఈఎఫ్ ఎంత? గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందో చెప్పే అంకె అది.

రోజూ పొద్దున్నే నాన్న బరువు చూడండి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, కాళ్లు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్టెంటు మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దు. మోకాళ్ల నొప్పులకి షాపులో అడిగి కొనే డైక్లోఫెనాక్ అసలు వద్దు, అది గుండెకీ కిడ్నీకీ రెంటికీ చేటు.

కవిటి కుర్రాడు:
ఈఎఫ్ 48 అని ఉంది. పాత చీటీ అమ్మ ట్రంకుపెట్టెలో దొరికింది, రెండేళ్ల కిందటే క్రియాటినిన్ 1.7! అది విశాఖలో చూపించనేలేదు. గురువారం డాక్టరు గారి దగ్గరికి రెండు రిపోర్టులూ తీసుకెళ్తున్నాం. బరువు చూసే మిషను రేపు సోంపేటలో కొంటాను.

టెక్కలి ల్యాబ్ అక్క:
మళ్లీ ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ ఎప్పుడు చేయించాలో కూడా ఆయన్నే అడుగు తమ్ముడూ. తగ్గుతోందా పెరుగుతోందా అన్నదే ముఖ్యం. అంతదాకా బావని ఫోన్ పక్కన పెట్టమను.