పార్శ్వపు నొప్పి: నాళం ఉబ్బా, నరం పోటా?

పెన్నాగట్టు (చర్చ మొదలు)

నెల తిరక్కుండా ఎవరో ఒకరు వచ్చి "పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) నరాల జబ్బు, రక్తనాళాలకి సంబంధమే లేదు" అని తీర్పు చెప్పి పోతున్నారు. నేనొప్పుకోను. మన ఊళ్లలో ఈ నొప్పి లేస్తే ముందు చేసేదేంది? కణతల మీదుగా తుండు బిగించి కట్టడం, శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేయడం. నొక్కితే తగ్గుతోందంటే లోపల ఉబ్బింది ఏదో ఉన్నట్టే. ఇది ఊళ్లో మాట ఒక్కటే కాదు. 1938లో గ్రాహం, వోల్ఫ్ ఎర్గొటమిన్ సూదిమందు ఇచ్చి కణత ధమని కొట్టుకోవడాన్ని గీతగా తీశారు. ఆ కొట్టుకునే ఎత్తు దిగేకొద్దీ నొప్పీ దిగింది. మందు నాళాన్ని ముడిచింది, నొప్పి పోయింది. ఇంకేం కావాలి?

కండలేరు

అన్నా, తుండు సంగతి ముందు తేల్చుకుందాం. 1983లో డ్రమండ్, లాన్స్ నొప్పి ఉండగానే కణత ధమనిని వేలితో నొక్కిపట్టి చూశారు. తెరిపి వచ్చింది సుమారు మూడో వంతు మందికే. అంటే కొందరిలో పైనాళం వాటా ఉంది, అందరిలో లేదు. ఇక శొంఠి పట్టు చర్మాన్ని మంటెక్కించి అక్కడికి రక్తాన్ని ఇంకా రప్పిస్తుంది. మీ లెక్కన నొప్పి పెరగాలి మరి!

ఎర్గొటమిన్ నాళాన్ని ముడుస్తుంది, నిజమే. ఆ ఒక్క పనే చేస్తుందని ఎవరన్నారు? అది పట్టుకునే సెరటోనిన్ గ్రాహకాల్లో (కణం మీద ఆ రసాయనం అతుక్కునే చోట్లు) 1బి రకం నాళం కండరం మీద ఉంటుంది, 1డి రకం నాళాన్ని చుట్టుకున్న, తల నొప్పిని మెదడుకి చేర్చే ట్రైజెమినల్ నరం కొసల మీద ఉంటుంది. 1991లో వచ్చిన పార్శ్వపు నొప్పి మందు సుమట్రిప్టాన్‌దీ ఇదే దారి. ఏ పనితో నొప్పి పోయిందో ఈ మందులతో తేలదు. అందుకే లాస్మిడిటాన్‌ని చూడాలి. అది 1ఎఫ్ గ్రాహకాన్ని మాత్రమే పట్టుకుంటుంది, నాళాన్ని ముడవదు. అయినా నొప్పి తగ్గిస్తుంది కాబట్టే 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది.

మార్కాపురం పలక

ఇద్దరూ నెత్తి పైనాళాల దగ్గరే తిరుగుతున్నారు. మెదడులో ప్రవాహాన్ని కొలిచిన పని వేరే ఉంది. 1981లో కోపెన్‌హేగెన్‌లో ఓలెసెన్, లార్సెన్, లారిట్జెన్ చేశారు. సెలైన్‌లో కరిగించిన జీనాన్-133 అనే కిరణాలు వెదజల్లే వాయువుని మెడ ధమనిలోకి ఎక్కించి, అది మెదడులోంచి ఎంత తొందరగా కడిగేసుకుపోతుందో తల పక్కన 254 డిటెక్టర్లు పెట్టి లెక్కించారు. కొట్టుకుపోవడం నెమ్మదిస్తే అక్కడ ప్రవాహం తక్కువన్నట్టు. మెడలో సూది పొడవడమే కొందరిలో ఆరాని, అంటే నొప్పికి ముందొచ్చే మెరుపుల్ని, తిమ్మిరిని, లేపింది. వాళ్లకది కలిసొచ్చింది.

కనబడింది ఇది: తల వెనక భాగంలో ప్రవాహం పడిపోయింది, ఆ పడిపోవడం నిమిషానికి 2-3 మి.మీ. చొప్పున ముందుకు పాకింది. ఒక ధమని మేత ఎక్కడ ఆగి ఇంకోదాని మేత ఎక్కడ మొదలవుతుందో ఆ హద్దుని అసలు లెక్కచేయలేదు. ఏదో ఒక నాళం బిగుసుకుపోతే ఆ నాళం పరిధిలోనే ప్రవాహం పడాలి, అదీ ఒక్కసారే పడాలి. ఇట్టా చీమల బారులా పాకదు. 1944లో లేయావో కుందేలు మెదడు మీద చూసిన అల ఇదే వేగంతో పోతుంది: కణాలు ఒక్కపెట్టున రేగి, ఆ తర్వాత కొన్ని నిమిషాలు మూగబోతాయి. పేరు కార్టికల్ స్ప్రెడింగ్ డిప్రెషన్.

నాళం ఉబ్బితేనే నొప్పన్న వోల్ఫ్ లెక్కని అసలు దెబ్బతీసింది 1990 నాటి ఓలెసెన్ పని. ప్రవాహం ఇంకా తక్కువగా ఉన్నప్పుడే నొప్పి మొదలైంది. ప్రవాహం పెరగడం గంటల తర్వాత. నొప్పి పోయాక కూడా ఆ పెరుగుదల కొనసాగింది. ఉబ్బినందుకే నొప్పయితే ఈ వరస తిరగబడాలి.

కావలి కెరటం

జీనాన్ కొలతల్ని అంత గట్టిగా నమ్మొద్దు. పక్క భాగం నుంచి చెదిరిన కిరణాలు కూడా డిటెక్టర్లో పడతాయి. ఆ చెదురు వల్ల బాగా పడిపోయిన చోట కూడా కొంత ప్రవాహం ఉన్నట్టు కనబడుతుంది, అంచు మెల్లగా పాకినట్టూ అనిపిస్తుంది. 80ల్లోనే ఈ అభ్యంతరం లేచింది. పాకడం నిజమేనని నాకు నమ్మకం కుదిరింది 2001లో హజిఖానీ బృందం ఎఫ్ఎంఆర్ఐ వల్ల. ఆరా నడుస్తుండగా స్కానర్లో తీస్తే దృష్టి భాగంలో మార్పు నిమిషానికి 3.5 మి.మీ. పాకింది. ఇదీ ప్రవాహాన్ని నేరుగా కొలవదు. రక్తంలో ఆక్సిజన్ హెచ్చుతగ్గుల్నే చూపిస్తుంది.

కండలేరు

ప్రవాహం ఎందుకు పడిందో అడగండి. కోత అయిన చేనుకి తూము ఎవరు తెరుస్తారు? కణాలు మూగబోయాయి, వాటికి రక్తం అక్కర్లేదు, నాళం మూసుకుంది. చేను చెప్పినట్టు తూము వింటుంది.

పెన్నాగట్టు

తూము పోలిక అందంగా ఉంది, లెక్క మాత్రం తప్పింది తమ్ముడూ. అల పోయేటప్పుడు కణాలకి ఆకలి పెరుగుతుంది, తగ్గదు. లోపలికి వచ్చిన సోడియాన్ని, బయటికి పోయిన పొటాషియాన్ని మళ్లీ సర్దుకోవాలంటే పంపులు గట్టిగా తిరగాలి. జంతువుల్లో చూస్తే నిమిషం రెండు నిమిషాలు ప్రవాహం పొంగుతుంది. ఆ తర్వాత గంటకు పైగా పడిపోయి ఉంటుంది. కణాలేమో నిమిషాల్లోనే తేరుకుంటాయి. అంటే చేను మళ్లీ నాట్లేసుకున్నా తూము దించే ఉంది. అది నాళం తప్పు కాదా?

మార్కాపురం పలక

ఈ మాట ఒప్పుకోవాల్సిందే. నాళం చెప్పినట్టు వినడం మానేస్తుంది, అక్కడ మీరు రైటు. కానీ ఆ తగ్గుదల పక్షవాతం వచ్చే స్థాయికి దిగదు. మామూలుగా 100 గ్రాముల మెదడుకి నిమిషానికి 50 మి.లీ. చుట్టుపక్కల పోతుంది, కణాలు పని ఆపేది అది 20 దగ్గరికి పడితే. ఆరాలో మామూలుగా తగ్గేది నాలుగో వంతు చిల్లర. ఇంకోటి, ఆరా వచ్చేది మూడో వంతు లోపు మందికే. ఆరా లేని నొప్పిలో అదే బృందం కొలిస్తే చెప్పుకోదగ్గ మార్పే లేదు. 1994లో వుడ్స్ పెట్ స్కాన్‌లో ఆరా అంత స్పష్టంగా లేకున్నా ప్రవాహం పడి పాకడం చూశారు, అది ఒక్క మనిషిలో.

కండలేరు

తూము తప్పు నాదే, వెనక్కి తీసుకుంటున్నా. అసలు పరీక్ష ఇది: 2003లో క్రూజ్ బృందం పార్శ్వపు నొప్పి ఉన్న 12 మందికి సిల్డెనాఫిల్ (వయాగ్రాలోని మందు) 100 మి.గ్రా. ఇచ్చింది. 10 మందికి నొప్పి లేచింది, ఉత్తుత్తి మాత్రతో ఇద్దరికే. మెదడు మధ్య ధమని ఉబ్బలేదు. ఉబ్బకుండానే నొప్పి! దానికి ఎదురు, 2008లో వీఐపీ అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) 20 నిమిషాలు ఎక్కిస్తే నాళాలు బాగా ఉబ్బాయి, పార్శ్వపు నొప్పి రాలేదు. ఉబ్బినా నొప్పి లేదు. 2013లో నొప్పి ఉన్నప్పుడే ఎంఆర్ ఆంజియో (నాళాల్ని చూపే స్కాన్) తీసిన ఆమిన్ బృందానికి పుర్రె బయటి నాళాల్లో ఉబ్బే కనబడలేదు, లోపలివి నొప్పి వైపు కాస్త ఉబ్బాయి. సుమట్రిప్టాన్ ఇస్తే నొప్పి తగ్గింది, బయటివి ముడుచుకున్నాయి, లోపలివి అట్నే ఉన్నాయి.

పెన్నాగట్టు

2008 దగ్గరే ఆగిపోయావే. అదే వీఐపీని 2021లో రెండు గంటలు ఎక్కించారు. 21 మందిలో 15 మందికి నొప్పి వచ్చింది, ఉత్తుత్తి ద్రవంతో ఒక్కరికి. 20 నిమిషాల ఉబ్బు చాల్లేదు, అంతే. 2019లో లెవ్‌క్రోమకలిమ్ ఎక్కిస్తే 16కి 16 మందికి లేచింది. అది నాళం కండరంలో పొటాషియం వాకిళ్లు తెరిచి వదులుచేసే మందు. జన్యువుల మాటకొస్తే 2016లో ఈ నొప్పితో ముడిపడి దొరికిన 38 జన్యు చోట్లలో ఎక్కువ బరువు నాళాలు, మెత్తని కండరాల వైపే తూగింది.

కావలి కెరటం

2022లో ఆ 38 కాస్తా 123 అయ్యాయి, నాళాలూ మెదడు కణాలూ రెండూ తూగాయి. జన్యువుల్ని సాక్ష్యానికి పిలిస్తే రెండు పక్షాలకూ చెబుతాయి.

లెవ్‌క్రోమకలిమ్‌కి మాత్రం నరం పక్షం వాళ్ల దగ్గర సుళువైన జవాబు లేదని నా అభిప్రాయం. ఆ వాకిళ్లు ట్రైజెమినల్ నరం కణాల ముడి అయిన గాంగ్లియన్‌లోనూ ఉన్నాయి అంటారు. ఉన్నాయి, కానీ అంతటితో తేలదు. ఉబ్బు ఎంత అన్నది వదిలేసి నాళం గోడ దగ్గర జరిగేది చూడండి. నరం కొస అక్కడే ఉంది, అది వదిలే పెప్టైడ్ సీజీఆర్‌పీ విడుదలయ్యేది అక్కడే. 1990లో గోడ్స్‌బీ, ఎడ్విన్‌సన్ నొప్పి ఉన్నప్పుడు మెడ సిర రక్తంలో అది పెరిగి ఉండటం చూశారు. 2018లో వచ్చిన ఎరెన్యుమాబ్ అనే యాంటీబాడీ మందు దాని గ్రాహకాన్నే అడ్డుకుంటుంది. ఆ యాంటీబాడీ మెదడులోకి దాదాపు దూరదు. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ దాన్ని ఆపుతుంది. మెదడు పొరా గాంగ్లియనూ ఆ అడ్డుగోడకి బయట ఉన్నాయి, దానికి అంతే చాలు.

మరి మొదలయ్యేది ఎక్కడ? నొప్పికి ముందు రోజే ఆవలింతలు, మెడ పట్టేయడం, చిరాకు. 2016లో షుల్టె, మే ఒక్క మనిషిని 30 రోజులపాటు రోజూ స్కాన్ చేశారు, నొప్పికి ముందటి రోజు మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ మేల్కొంది. రోహిణి కార్తె ఎండ, తప్పిన పూట భోజనం, చెడిన నిద్ర, వీటన్నిటి లెక్కా చూసేది ఆ చోటే.

ట్రంకురోడ్డు

ఇదంతా సరే అన్నా. ఈ నొప్పికి మెడ డాప్లర్ తీయించాలా? "రక్తప్రసరణ మాత్ర" అని రాసిస్తున్నారే, అది వాడాలా?

కావలి కెరటం

తెలిసిన పార్శ్వపు నొప్పే అయి, నరాల పరీక్ష మామూలుగా ఉంటే డాప్లర్‌తో ఒరిగేదేం లేదు. మెడలో పెద్ద ధమని ఎంత సన్నబడిందో అది చూపిస్తుంది, పైన రాసిన అల అందులో పడదు. మామూలు ఎంఆర్ఐలోనూ పడదు. ఒక్క క్షణంలో తారస్థాయికి చేరిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, 50 దాటాక కొత్తగా మొదలైన నొప్పి, కాలు చెయ్యి పడిపోవడం, వీటికైతే స్కాన్‌కి ఆలస్యం చేయకూడదు.

ప్రసరణ మాత్ర అంటే ఎక్కువగా ఫ్లునరిజిన్. రాత్రిపూట 5 నుంచి 10 మి.గ్రా. ఇస్తారు. అది ప్రవాహాన్ని పెంచి పనిచేస్తుందనేది పాత ఊహ. నొప్పి రాకుండా ఆపడానికి వాడేది, లేచిన నొప్పికి కాదు. నిద్రమత్తు, బరువు పెరగడం మామూలే. పెద్ద వయసువాళ్లలో చేతి వణుకు, నడక బిగుసుకోవడం వస్తే డాక్టరుకి చెప్పి ఆపాలి.

ఎర్గొటమిన్, కెఫీన్ కలిసిన మాత్ర ఇంకా కొట్లలో చేతికి దొరుకుతోంది. దాన్ని క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్‌లతో కలిపితే వేళ్లకి రక్తం ఆగి నల్లబడే ప్రమాదం ఉంది. అది వేసుకున్న 24 గంటల్లోపు సుమట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ మాత్ర పనికిరాదు. గుండె నాళాల జబ్బు ఉన్నవాళ్లకి రెండూ వద్దు. సుమట్రిప్టాన్ 50 మి.గ్రా. నొప్పి మొదట్లోనే వేయాలి, తగ్గి మళ్లీ లేస్తే రెండు గంటలు ఆగి ఇంకోటి. నెలకి 10 రోజులు మించితే మాత్రే నొప్పి తెస్తుంది. పారాసిటమాల్ లాంటివైతే 15 రోజులు.

పెన్నాగట్టు

సరే, "ఉబ్బు" అన్న మాట వదిలేస్తా, "నాళం గోడ" దగ్గర నిలబడతా. అక్కణ్ణుంచి కదల్చాలంటే లెవ్‌క్రోమకలిమ్‌కి జవాబు తెచ్చుకొని రండి. ఒక్క అనుమానం: అల నిమిషానికి 3 మి.మీ. పాకుతుందన్న లెక్కని స్కానర్లు రాకముందే కట్టారట, ఎట్టా?

మార్కాపురం పలక

1941లో లాష్లీ అనే అమెరికా మనస్తత్వవేత్త తన ఆరానే గీసి కట్టాడు. మనమూ కట్టాలంటే గోడ క్యాలెండర్ కాయితం వెనక్కి తిప్పి నడిమధ్య గుణకారం గుర్తు వేయాలి. ఏ4 కాయితం చాలదు, వంపు త్వరలోనే అంచు దాటిపోతుంది. చేయి చాపు దూరంలో గోడకి అంటించి, చూపు గుర్తు మీదే నిలిపి, మెరిసే వంపు బయటి అంచు ఎక్కడుందో నిమిషానికోసారి గీసి అంకె వేయాలి. తల కదిలితే గీతలన్నీ చెడతాయి, గడ్డం కింద ఏదన్నా ఆనించుకోవాలి. గీతల మధ్య ఎడం మొదట్లో ఇరుకుగా, పక్కకి పోయేకొద్దీ వెడల్పుగా వస్తుంది. అల వేగం పెరిగి కాదు. చూపు నడిమి భాగానికి మెదడు ఎక్కువ జాగా ఇస్తుంది, అంచులకి తక్కువ. ఆ జాగా లెక్కలోకి మార్చి చూస్తే నిమిషానికి 3 మి.మీ. వస్తుంది.

మధ్యలో ఒక కన్ను, తర్వాత రెండో కన్ను మూసి చూడాలి. రెండుసార్లూ వంపు కనబడితే అది మెదడుదే. అట్టా కాకుండా ఒక్క కంట్లోనే తెర పడినట్టు ఒక్కసారిగా చీకటైతే పెన్సిలు పక్కన పడేసి ఆసుపత్రికి పోవాలి.