‘హౌస్ డివైడెడ్’ అంటే సభ చీలిపోయిందనా?

ప్రశ్న: 1940 మే నెలలో బ్రిటన్ పార్లమెంటులో, నార్వేలో యుద్ధం నడిపిన తీరు మీద జరిగిన ‘నార్వే చర్చ’ గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అక్కడి దిగువ సభ అయిన కామన్స్ సభ రికార్డులో ‘ది హౌస్ డివైడెడ్: ఆయిస్ (ఔను) 281, నోస్ (కాదు) 200’ అని ఉంది. ‘సభ నిట్టనిలువునా చీలిపోయింది, అవిశ్వాస తీర్మానంలో ప్రధాని ఛాంబర్లేన్ నెగ్గారు’ అని రాశాను. సరిపోతుందా?

జవాబు: చీలలేదండీ. అక్కడ ‘డివిజన్’ అంటే తలలు లెక్కపెట్టే పద్ధతి. మొదట మూజువాణి ఓటు. స్పీకర్ తేల్చినదాన్ని ఒప్పుకోబోమని ఎవరైనా పట్టుబడితే గంటలు మోగుతాయి. ఔనన్నవాళ్లు స్పీకర్ కుడివైపు లాబీలోకి, కాదన్నవాళ్లు ఎడమవైపు లాబీలోకి నడుస్తారు. ఒక్కో వైపు ఇద్దరు సభ్యులు (టెల్లర్లు) లెక్కిస్తారు, వాళ్ల సొంత ఓట్లు మొత్తంలో కలవవు. మన అసెంబ్లీ వార్తల్లో ‘డివిజన్ కోరారు’ అని ఉన్నదే. కాకపోతే మీది యుద్ధం వ్యాసం, పక్క పేరాలోనే సైనిక డివిజన్లు ఉంటాయి. ‘డివిజన్ ఓటింగ్’ అని పూర్తిగా రాయండి. లేకపోతే మే 8న ప్రతిపక్ష లేబర్ పార్టీ డివిజన్ కోరిందంటే నార్వేకి ఇంకా బలగాలు పంపమంది కాబోలు అనుకుంటారు!

మరో జవాబు: అసలు తప్పు ‘అవిశ్వాస తీర్మానం’ దగ్గరుంది. సభ ముందున్నది ‘సభ ఇప్పుడు ముగియాలి’ అన్న ప్రతిపాదన, పెట్టింది ప్రభుత్వ పక్షమే. ఆ ముసుగులో దేని గురించైనా మాట్లాడే వీలుంది. అందుకే ప్రభుత్వ ఓట్లు 281 ‘ఔను’ వైపు పడ్డాయి. ‘వాయిదా తీర్మానం’ అనీ రాయకండి, మన సభల్లో అది చేతిలో పని ఆపి అత్యవసర విషయం చర్చించమని ప్రతిపక్షం ఇచ్చేది. ‘సభ ముగింపు ప్రతిపాదన’ అని, లేబర్ ఓటింగ్ కోరడంతో అది ప్రభుత్వం మీద తీర్పుగా మారిందని ఒక వాక్యం కలపండి.

‘నెగ్గారు’ ఒక్కటే చాలదు. 1999లో వాజ్‌పేయి 269–270తో, ఒక్క ఓటుతో పడిపోవడం మన పాఠకులు చూశారు. 81 ఆధిక్యం తెచ్చుకున్నాయన రెండ్రోజులకే, మే 10న, ఎందుకు దిగిపోయాడని అడుగుతారు. మామూలుగా ఆ ఆధిక్యం 200 దాటేది. ఆ రాత్రి సుమారు 40 మంది సొంత పక్షం వాళ్లు ఎదురు ఓటేశారు, ఇంకొందరు ఓటే వేయలేదు. ‘ఓటింగ్‌లో గట్టెక్కారు గానీ సొంత పక్షం చేజారింది’ అంటే అర్థమవుతుంది.

ప్రశ్న: ఓటు వేయనివాళ్లను ‘తటస్థులు’ అనవచ్చా?

జవాబు: వద్దు. కామన్స్‌లో తటస్థ ఓటు నమోదు కాదు. ఏ లాబీలోకీ వెళ్లనివాడూ ఆ రోజు ఊళ్లో లేనివాడూ రికార్డులో ఒకేలా కనిపిస్తారు. ‘ఓటింగ్‌కు దూరంగా ఉన్నారు’ అనండి, సంఖ్య ఇస్తే ముందు ‘సుమారు’ తగిలించండి.

ఇంకో చిక్కు రాబోతోంది. ఛాంబర్లేన్ ‘ఈ రాత్రి లాబీలో మాకు అండగా నిలవమని నా మిత్రులను కోరుతున్నాను’ అన్నారు. తెలుగులో ‘లాబీ’ అనగానే పైరవీ గుర్తొస్తుంది, అక్కడ అది ఓటు వేసే చోటు. ‘ఓటింగ్‌లో’ అని మార్చేయండి. ‘మిత్రులు’ మాత్రం ‘మా పార్టీ సభ్యులు’ చేయకండి. ప్రధాని మిత్రులెవరన్నది కాదు ప్రశ్న, ఇది అంతకంటే చాలా పెద్దదని మాజీ ప్రధాని లాయిడ్ జార్జ్ తర్వాత దెప్పింది ఆ మాట పట్టుకునే. ఇక్కడ మారిస్తే అక్కడ ఆయన దేనికి బదులిస్తున్నాడో తెలియదు.