అప్‌డేట్: పబ్‌మెడ్‌లో ఏరి పెట్టుకున్న పేపర్లు తెల్లారేసరికి మాయం – పరిష్కారం దొరికింది

నల్గొండ ఫ్లోరోసిస్ మీద పబ్‌మెడ్‌లో (వైద్య పరిశోధన పేపర్లు వెతికే వెబ్‌సైట్) ఏరి పెట్టుకున్న పేపర్లు తెల్లారేసరికి కనిపించడం లేదని ఇక్కడే అడిగాను. సాయం చేసిన అందరికీ థాంక్స్. వాటిని నేను ఉంచింది పబ్‌మెడ్‌లోనే ఉండే క్లిప్‌బోర్డులో. అది తాత్కాలికమే: 8 గంటలు ముట్టుకోకుండా వదిలేస్తే ఖాళీ అయిపోతుంది, పైగా 500 పేపర్లకు మించి పట్టదు.

మా లైబ్రేరియన్ గారు చెప్పినట్టు మై ఎన్‌సీబీఐ (పబ్‌మెడ్‌లో లాగిన్ అయ్యే) అకౌంట్ తెరిచి, ‘సెండ్ టు’లో ‘కలెక్షన్స్’ ఎంచుకున్నాను. ఇప్పుడు ఎప్పుడు లాగిన్ అయినా జాబితా అలాగే ఉంటోంది. జొటెరోలోకి (రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్) కావాలంటే ‘సెండ్ టు’లోనే ‘సైటేషన్ మేనేజర్’ నొక్కండి. దిగిన ఫైలును జొటెరోలో తెరిస్తే రచయితలు, జర్నల్, సంవత్సరం వాటంతటవే నిండిపోతాయి. థీసిస్ రాసేవాళ్లకు ఇదెంత ఊరటో!

నెట్ స్లోగా ఉండటానికీ, కాలేజీ వైఫైకీ పేపర్లు మాయమవడంతో సంబంధం లేదు. వెతికిన పదాలు కూడా పోకూడదనుకుంటే సెర్చ్ పెట్టె కిందే ఉన్న ‘క్రియేట్ అలర్ట్’ వాడండి, కొత్త పేపర్లు మెయిల్‌కే వస్తాయి.