అల్బినిజం ఉన్నవాళ్ల వార్తలు: డెస్క్‌లో ఏం సరిచూడాలి?

రాత్రిషిఫ్ట్: అల్బినిజం అంటే పుట్టుకతోనే చర్మం, జుట్టు, కళ్లలో రంగు బాగా తక్కువగా ఉండటం. వీళ్ల శరీర భాగాలతో అదృష్టం కలిసొస్తుందన్న మూఢనమ్మకంతో ఆఫ్రికాలో వీళ్లపై దాడులు జరుగుతుంటాయి. టాంజానియా, మలావీల నుంచి అలాంటి దాడి వార్త వచ్చిందంటే వార్తా ఏజెన్సీ కాపీలో ఆ శరీర భాగాల ధర కూడా తరచూ ఉంటోంది. ఉంచాలా, తీసేయాలా?

అనువాదాల సుజాత: తీసేయండి. 2009 నాటి రెడ్‌క్రాస్ నివేదికలోని అంకె ఏళ్ల తరబడి పత్రికల్లో తిరుగుతోంది. ధర అచ్చేస్తే ఆశపడేవాడికి మనమే బేరం చెప్పినట్టు. ఆ చోట్లో ఎవరు అరెస్టయ్యారు, కేసు ఏ దశలో ఉంది, శిక్ష పడిందా అన్నది రాయండి. 2008లో బీబీసీ విలేకరి విక్కీ ఎన్‌టెటెమా వ్యాపారినని చెప్పి మంత్రగాళ్ల దగ్గరికి వెళ్లి ఈ దందా బయటపెట్టారు. చంపేస్తామని బెదిరింపులొచ్చి అజ్ఞాతంలోకి వెళ్లాల్సి వచ్చింది. నాకు తెలిసి ఈ విషయంలో అసలైన జర్నలిజం అదే.

ఇంకోటి, దయచేసి ‘బొల్లి’ అని రాయకండి. బొల్లి మధ్యలో వచ్చి మచ్చలుగా పాకుతుంది. అల్బినిజం పుట్టుకతో, జన్యువుల వల్ల వచ్చేది. ‘అల్బినోలు’ కాదు, ‘అల్బినిజం ఉన్నవాళ్లు’. దాడి జరగనివాళ్లను ‘బాధితులు’ అనొద్దు. స్వాహిలీలో ‘జెరుజెరు’ తిట్టు. ఎవరైనా అన్న మాటగా తప్ప వాడొద్దు.

కంటిపరీక్ష: ‘ఎర్రటి కళ్లు’ కూడా కొట్టేయండి. చాలామందికి నీలం, బూడిద, గోధుమ రంగు కళ్లే. కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం (ఐరిస్)లో రంగు తక్కువ కాబట్టి ఫ్లాష్ వెలుగు లోపల తగిలి ఎర్రగా తిరిగొస్తుంది. కనుగుడ్లు అటూ ఇటూ ఊగడాన్ని నిస్టాగ్మస్ అంటారు. దాన్ని చూసి ‘బెదురు చూపులు’ అని క్యాప్షన్ పెట్టడం తప్పు. రెటీనా మధ్యభాగం పూర్తిగా ఎదగదు కాబట్టి కళ్లద్దాలతో చూపు పూర్తిగా సరికాదు. బడి వార్తయితే ముందు బెంచీ, పెద్ద అక్షరాల పుస్తకాలు ఉన్నాయా అని అడగండి.

ఫొటోగ్రాఫర్_వరంగల్: ఫ్లాష్ ఆపేయండి, నీడలో నిలబెట్టండి, ఎండ ముఖాన కొట్టకూడదు. గ్రూప్ ఫొటోలో వెలుగు కొలిచే కెమెరా మీటర్ ముదురు రంగు ముఖాలకు సర్దుకుంటే తెల్లటి ముఖం పాలిపోయి వివరాలు పోతాయి. ఆ ముఖం మీదే వెలుగు కొలిచి (స్పాట్ మీటరింగ్) ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుగు, పెంచండి, మిగతా ముఖాలను ఎడిటింగ్‌లో తేల్చుకోవచ్చు. పిల్లల ఫొటోల్లో బడి బోర్డు, ఇంటి దారి కనపడొద్దు. ఫైల్‌లోని జీపీఎస్ వివరాలు చెరిపేయండి.

రాత్రిషిఫ్ట్: జూన్ 13న అల్బినిజం అవగాహన దినం వస్తుంది కదా, దాడులు కాక ఇంకేం రాయొచ్చు?

కంటిపరీక్ష: చర్మ క్యాన్సర్. ఆఫ్రికాలో దాడులకన్నా అదే ఎక్కువ మందిని చంపుతోంది, వార్తల్లో మాత్రం కనపడదు. టాంజానియాలోని మోషిలో వీళ్ల కోసమే ‘కిలిసన్’ అనే సన్‌స్క్రీన్ తయారుచేస్తున్నారు. అది మారుమూల ఊళ్లకు ఎలా చేరుతోంది, అయిపోతే ఏం చేస్తున్నారు అన్నది మంచి కథనం.